నీరు ఇచ్చే గడువు

కొల్లేటి సరస్సు చుట్టూ, కైకలూరు, ఆకివీడు వైపు చేపల చెరువుల గట్ల మీద తెల్లవారుజామున నాలుగింటికి టార్చిలైట్లు కదులుతుంటాయి. గట్టు మీది పాకలో కునుకు తీస్తున్న కాపలా మనిషి లేచి చెరువు చుట్టూ ఒకసారి తిరిగి వస్తాడు. దొంగల భయం ఉన్నా, ఆ వేళప్పుడు అతని చూపంతా నీటి మీదే ఉంటుంది. బొచ్చెలు, శీలావతులు పైకి తేలి నోళ్ళు తెరిచి గుటకలు మింగుతున్నాయంటే చెరువులో ఆక్సిజన్ అడుగంటిందన్నమాట. వెంటనే ఇంజన్ వేసి నీళ్ళు తోడి తిరిగి చెరువులోకే పోస్తారు. ఏరియేటర్లు ఉన్నచోట వాటిని తిప్పుతారు. ఆక్సిజన్ బిళ్ళలు చల్లుతారు. ఎండ వచ్చేదాకా చేపల్ని ఎలాగో బతికించుకోవాలి. గంట ఆలస్యమైతే ఏడాది పెట్టుబడి తెల్లటి పొట్టలతో నీటి మీద తేలుతుంది.

ఆ నీటికి ఎదురు నడిచి తమ్మిలేరు వెంబడి పైకి వెళ్తే, ఏలూరు దాటాక మెట్ట ప్రాంతం మొదలవుతుంది. ఆయిల్ పామ్ తోటలు, మొక్కజొన్న చేలు, మామిడి తోటల నడుమ చింతలపూడి వస్తుంది. ఆ మండలంలోనే నాగిరెడ్డిగూడెం దగ్గర తమ్మిలేరుకు అడ్డంగా కట్టిన రిజర్వాయరు ఉంది. అక్కడ నిలిచిన నీరు వదిలితే ఏలూరు దగ్గర రెండు పాయలై కొల్లేట్లో కలుస్తుంది. చింతలపూడిలో ఒక ఇంటి హాల్లో, టీవీ పక్కన, మూడడుగుల గాజు తొట్టి ఉందనుకుందాం. నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, ఒక మూలన నాచు, వెనక చిన్న ఫిల్టరు, కింద అరలో గుర్రుమనే ఎయిర్ పంపు. ఇంటివాళ్ళు సంక్రాంతికి హైదరాబాదు వెళ్ళాలి. భోగికి ముందు రోజు బస్సెక్కితే కనుమ దాటాక గానీ తిరిగిరారు.

కొల్లేటి కాపలా మనిషికున్న బాధే ఈ ఇంటివాళ్ళకూ ఉంటుంది. తేడా అంతా అతను గట్టు మీదే ఉండటంలో ఉంది. వీళ్ళు మూడు వందల కిలోమీటర్ల అవతల ఉంటారు. అందువల్ల ఊరెళ్ళే ముందు అడగాల్సిన ప్రశ్న కాస్త మారుతుంది. పరికరాలు ఎప్పుడో ఒకప్పుడు ఆగుతాయి. ఏ పరికరం ఆగితే నీరు ఎన్ని గంటలు, ఎన్ని రోజులు ఓపిక పడుతుంది? ఆ గడువు తెలిస్తే దేనికి ముందు భయపడాలో, దేన్ని తీరిగ్గా చూసుకోవచ్చో తేలిపోతుంది.

మొదటి గడువు: గాలి

లీటరు గాలిలో ఆక్సిజన్ సుమారు 210 మిల్లీలీటర్లు ఉంటుంది. లీటరు నీటిలో కరిగి ఉండేది ఐదారు మిల్లీలీటర్లే. చేప బతుకంతా ఈ పిసరంత నిల్వ మీదే నడుస్తుంది. పైగా నీరు వేడెక్కినకొద్దీ ఆ నిల్వ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచుకోగలదు. 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంట్లో రసాయన చర్యల వేగం పెరిగి, దానికి మరింత ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. వేసవిలో రాబడి తగ్గి ఖర్చు పెరిగిన సంసారంలా ఉంటుంది తొట్టి.

ఒక చిన్న లెక్క వేద్దాం. వంద లీటర్ల తొట్టిలో 30 డిగ్రీల దగ్గర మొత్తం కరిగి ఉన్న ఆక్సిజన్ 750 మిల్లీగ్రాములు, అంటే గ్రాములో ముప్పాతిక. లీటరుకు 2.5 మిల్లీగ్రాముల కిందికి వెళ్తే చాలా చేపలు ఇబ్బంది పడతాయి కాబట్టి వాడుకోగలిగింది 500. తొట్టిలో అరకిలో బరువు చేపలున్నాయనీ, కిలో బరువుకు గంటకు 300 మిల్లీగ్రాముల చొప్పున పీలుస్తాయనీ అనుకుంటే గంటకు 150 ఖర్చు. పైనుంచి కొత్తగా ఏమీ కరగకపోతే నిల్వ మూడు గంటల చిల్లరకే సరిపోతుంది. అదే తొట్టిలో చేపల బరువు వంద గ్రాములే అయితే గడువు పదహారు గంటలు దాటుతుంది. నిజానికి కదలని నీటి ఉపరితలం నుంచి కూడా కొంత గాలి కరుగుతూనే ఉంటుంది కాబట్టి తక్కువ చేపలున్న తొట్టి ఎయిర్ పంపు లేకుండానే రాత్రి గడిపేస్తుంది. పంపులూ ఇన్వర్టర్లూ కొనే ముందు చేపల సంఖ్య తగ్గించుకోవడమే అన్నిటికంటే గట్టి బీమా.

పంపు లేని తొట్టిని కరెంటు ఎరగని రోజుల్లోనే ఒకాయన నడిపి చూపించాడు. లండన్‌లో రాబర్ట్ వారింగ్‌టన్ అనే రసాయన శాస్త్రవేత్త చిన్న గోల్డ్‌ఫిష్‌లనూ, రిబ్బన్ల లాంటి ఆకులుండే వాలిస్నేరియా మొక్కనూ ఒకే గాజు పాత్రలో ఉంచాడు. ఆకులు కుళ్ళి నీరు మసకబారితే, వాటిని తినే నత్తల్ని వేశాడు. చేప వదిలింది మొక్కకు, మొక్క వదిలింది చేపకు, చచ్చిన ఆకు నత్తకు. ఈ సంగతిని ఆయన 1850లో కెమికల్ సొసైటీకి వివరించాడు. ఆ తర్వాత మూడేళ్ళకే లండన్ జంతు ప్రదర్శనశాల ప్రజల కోసం చేపల భవనం తెరిచింది.

మొక్కలున్నాయని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికి మాత్రం లేదు. చీకటి పడ్డాక మొక్కలు కూడా ఆక్సిజన్‌నే పీలుస్తాయి. కొల్లేటి చెరువుల్లో తెల్లవారుజాము గండం వచ్చేది ఇందుకే. పగలంతా ఆక్సిజన్ వదిలిన పచ్చటి సూక్ష్మ నాచు, రాత్రంతా చేపలతో పాటు అదే నిల్వను తింటుంది. ముసురు పట్టిన రోజున పగటి సంపాదన కూడా ఉండదు. అందుకే మబ్బు రోజుల్లో రైతులు మేత తగ్గిస్తారు. ఇంట్లో మొక్కలు దట్టంగా పెంచే తొట్టికీ ఇదే వర్తిస్తుంది. ఎయిర్ పంపు ఏదో ఒక పూటే తిరిగే ఏర్పాటు ఉంటే అది రాత్రి తిరగాలి.

ఊపిరి విషయంలో అన్ని చేపలూ ఒకటి కావు. కొరమేను, మార్పు, ఇంగిలాయి నేరుగా గాలి పీల్చుకోగలవు. కొరమేనుల్ని సంతలో కొద్దిపాటి నీళ్ళున్న టబ్బుల్లో బతికుండగానే అమ్మడం అందరూ చూసే ఉంటారు. అక్వేరియం షాపుల్లో ఫైటర్ అని పిలిచే బెట్టా, గౌరామి చేపలకు కూడా మొప్పల పైన గాలి పీల్చే ప్రత్యేకమైన అర ఉంటుంది. తరచూ ఊళ్ళు తిరిగే ఇంటికి ఇలాంటి చేపలు నప్పుతాయి. గోల్డ్‌ఫిష్‌కు ఆ వసతి లేదు.

రోజుకు 43 లక్షల సార్లు

కింద అరలో గుర్రుమనే ఎయిర్ పంపును విప్పి చూస్తే లోపల పెద్ద యంత్రమేమీ కనబడదు. ఒక తీగచుట్ట, దాని ముందు అయస్కాంతం అతికించిన చిన్న చేయి, ఆ చేతికి తగిలించిన గిన్నె ఆకారపు రబ్బరు ముక్క. మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ పారుతుంది కాబట్టి ఆ చేయి కూడా సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. రోజుకు లెక్క కడితే 43 లక్షల 20 వేల సార్లు. ఏ రబ్బరైనా ఎన్నాళ్ళు తట్టుకుంటుంది? సన్నటి చీలిక పడుతుంది, మోత మారుతుంది, బుడగలు పలచబడతాయి. రోజూ వినే చెవికి ఆ తేడా ఇట్టే తెలుస్తుంది. ఇల్లు తాళం వేసి ఉంటే వినేవాళ్ళుండరు. రబ్బరు పాతబడిందని అనిపిస్తే ప్రయాణానికి వారం ముందే మార్చేయాలి.

నీళ్ళలో మునిగి ఉండే ఫిల్టరు మోటారు కథ వేరు. అందులో అయస్కాంతపు రోటరుకు చిన్న రెక్కలుంటాయి. నడుస్తున్నంతసేపూ నడుస్తూనే ఉంటుంది. లోపల జిగురు పట్టి ఉన్న సంగతి ఆగాకే బయటపడుతుంది. కరెంటు పోయి పది నిమిషాల్లో వచ్చినా ఆ రోటరు మళ్ళీ కదలలేక అక్కడే వణుకుతూ ఉండిపోతుంది. అందుకని బయల్దేరే వారం ముందు ఒక పరీక్ష పెట్టాలి. ప్లగ్గు తీసి అరగంట ఆగి మళ్ళీ పెట్టాలి. దానంతట అదే తిరిగి, నీరు పారితే సరి. మొరాయిస్తే రోటరు బయటికి తీసి, పాత టూత్‌బ్రష్‌తో జిగురు తోమి, మళ్ళీ పరీక్షించాలి. ఒకటికి రెండుసార్లు చేస్తే ఇంకా మంచిది.

పంపు ఎక్కడ పెట్టామన్నది కూడా చూసుకోవాలి. నీటి మట్టం కంటే కింద, అరలో పెట్టిన ఎయిర్ పంపు ఆగిందంటే గొట్టంలో గాలి తోపు ఆగిపోతుంది. అప్పుడు తొట్టి నీరు అదే గొట్టంలోకి ఎక్కి, అంచు దాటి, కిందికి జారడం మొదలుపెడుతుంది. ట్రాక్టరు ట్యాంకులోంచి పైపుతో డీజిల్ లాగినట్టే. గొట్టం చివర నీటిలో మునిగి ఉన్నంత మేరకు తొట్టి ఖాళీ అవుతుంది. పంపు తడుస్తుంది, నేల తడుస్తుంది, కరెంటు వచ్చాక ప్రమాదం ఇంకా పెద్దదవుతుంది. దీనికి మందు కొద్ది రూపాయలకు దొరికే చెక్ వాల్వ్. వేలెడంత కూడా లేని ఆ ప్లాస్టిక్ ముక్కను గొట్టం మధ్యలో అమర్చాలి. దాని మీది బాణం గుర్తు తొట్టి వైపు ఉండాలి. అమర్చే ముందు నోటితో ఊది చూడాలి. ఒక వైపు నుంచి గాలి సాఫీగా పోవాలి, రెండో వైపు నుంచి ఎంత ఊదినా పోకూడదు. రెండు వైపులా పోతే దాన్ని పారేసి కొత్తది తెచ్చుకోవాలి. పంపునే తొట్టి కంటే ఎత్తున అల్మరా మీద పెట్టగలిగితే అసలు ఈ బెంగే ఉండదు.

వైర్ల విషయంలోనూ ఇలాంటి చిన్న జాగ్రత్త ఒకటుంది. తొట్టిలోంచి వచ్చే వైరు నేరుగా సాకెట్‌లోకి వెళ్ళకూడదు. సాకెట్ కంటే కిందికి ఉయ్యాలలా వేలాడి, ఆ తర్వాత పైకెక్కాలి. వైరు వెంట జారిన నీటిబొట్టు ఆ ఉయ్యాల అడుగున రాలిపోతుంది.

రెండో గడువు: కంటికి కనబడని కాపురం

ఫిల్టరు స్పాంజిని చేతిలోకి తీసుకుని పిండితే గోధుమరంగు మడ్డి కారుతుంది. తడి నేల వాసన వేస్తుంది. చూసేవాళ్ళకు అది మురికి. తొట్టికి మాత్రం అదే ప్రాణాధారం. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియా వదులుతాయి. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. స్పాంజిలో కాపురమున్న బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ విషాలు, మూడోది చాలా వరకు నిరపాయం. రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 19వ శతాబ్దం చివర్లో ఈ సూక్ష్మజీవుల పనిని బయటపెట్టాడు. ఒక మెట్టు ఒక జాతిది, రెండో మెట్టు మరో జాతిదన్న నమ్మకం శతాబ్దం పైగా నడిచింది. 2015లో రెండు పరిశోధక బృందాలు రెండు మెట్లనూ ఒంటిచేత్తో ఎక్కే నైట్రోస్పైరా బ్యాక్టీరియాను కనిపెట్టాయి. అందులో ఒకటి దొరికింది చేపల పెంపకానికి వాడే నీటి ఫిల్టరులోనే.

ఈ కాపురానికీ ఆక్సిజన్ కావాలి. కరెంటు పోగానే ఫిల్టరులో నీటి ప్రవాహం ఆగుతుంది. తొట్టి లోపలే తెరిచి ఉండే స్పాంజి ఫిల్టరు చుట్టూ నీరుంటుంది కాబట్టి బ్యాక్టీరియా ఎంతో కొంత ఓర్చుకుంటుంది. మూత బిగించిన డబ్బాలా కింద అరలో కూర్చునే క్యానిస్టర్ ఫిల్టరులో అలా కుదరదు. లోపల చిక్కుకున్న కొద్దిపాటి నీటిలోని ఆక్సిజన్‌ను అక్కడి బ్యాక్టీరియా తొందరగానే తినేస్తుంది. గంటలు గడిచేకొద్దీ చచ్చిపోవడం, కుళ్ళడం మొదలవుతుంది. రోజంతా ఆగి ఉన్న క్యానిస్టర్ కరెంటు రాగానే తనంతట తానే నడిస్తే ఆ కుళ్ళు నీరంతా ఒక్కసారిగా చేపల మీదికి వస్తుంది. కాబట్టి ఊరెళ్ళే ఇంటికి పెద్ద క్యానిస్టర్ ఒకటే ఉండటం కంటే దానికి తోడుగా ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఒకటి ఉండటం మేలు.

ఇక్కడే మన పండుగ అలవాటు ఒకటి చేపల ప్రాణం మీదికి తెస్తుంది. సంక్రాంతికి ఇల్లంతా బూజు దులిపి, గోడలకు రంగులేసి, గడపలు కడిగే చేయి తొట్టి మీద కూడా పడుతుంది. నీళ్ళన్నీ తోడేసి, రాళ్ళు కడిగి, స్పాంజిని కుళాయి కింద తెల్లబడేదాకా పిండేస్తారు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే బ్యాక్టీరియా కాపురం కూలిపోతుంది. మర్నాడు ఇల్లు తాళం. రెండో రోజుకో మూడో రోజుకో అమ్మోనియా పెరుగుతుంది. తిరిగొచ్చి చూసినవాళ్ళు పంపు బాగానే తిరుగుతోంది కదా, చేపలెందుకు చచ్చాయి అని తలపట్టుకుంటారు.

శుభ్రం చేయాలంటే ప్రయాణానికి కనీసం వారం ముందు చేయాలి. నాలుగో వంతు నీరు మార్చాలి. స్పాంజిని ఆ తీసిన తొట్టి నీటిలోనే రెండు మూడుసార్లు నొక్కి వదిలేయాలి. బోరు నీళ్ళు వాడేవాళ్ళు వాటిని ఒక రోజు బకెట్లో ఉంచి గాలి కొట్టాలి. లోతులోంచి అప్పుడే పైకొచ్చిన నీటిలో తరచుగా ఆక్సిజన్ తక్కువగానూ, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగానూ ఉంటాయి.

అమ్మోనియా ఎంత చేటు చేస్తుందన్నది నీటి స్వభావం మీద కూడా ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషపు రూపంలో ఉండేది నూటికి ఒకటి కంటే తక్కువ. పీహెచ్ 8కి చేరితే అది నూటికి ఐదు దాటుతుంది. 9కి చేరితే మూడో వంతు. సున్నం తేలే నీళ్ళున్న ఊళ్ళలో అందుకే మరింత జాగ్రత్త పడాలి. నైట్రైట్ చేసే చేటు మరో రకం. అది రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని గోధుమరంగు పదార్థంగా మార్చేస్తుంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప ఉక్కిరిబిక్కిరవుతుంది. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది. చేపల రైతులు చెరువుల్లోకి ఉప్పు దించడం వెనకున్న కారణాల్లో ఇదొకటి.

మూడో గడువు: వేడి

చింతలపూడి మెట్టలో మే నెల ఎండ కొల్లేటి గాలి తగిలే ఊళ్ళకంటే కర్కశంగా ఉంటుంది. పిల్లలకు సెలవులిచ్చాక అమ్మమ్మ ఊరికి ప్రయాణాలు పడేది కూడా అప్పుడే. కిటికీలు మూసి, తాళం వేసిన ఇంట్లో తొట్టి నీరు మెల్లగా గది వేడికి చేరుకుంటుంది.

కుండలో నీళ్ళు చల్లబడే కిటుకే ఇక్కడా పనిచేస్తుంది. ఒక లీటరు నీరు ఆవిరవుతూ సుమారు 580 కిలో కేలరీల వేడిని తనతో తీసుకుపోతుంది. వంద లీటర్ల తొట్టిలోంచి లీటరు నీరు ఆవిరైతే, గది నుంచి కొత్తగా వేడి రాకపోతే, మిగతా నీరు దాదాపు ఆరు డిగ్రీలు చల్లబడాలి. గది వేడి లోపలికి వస్తూనే ఉంటుంది కాబట్టి నిజంగా తగ్గేది అందులో కొంతే. ఆ కొంతే చేపకు ఊపిరి. తొట్టి గాజు మూత తీసి వల కప్పి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిరిగేలా పెడితే ఈ పని జరుగుతుంది. మెట్ట ఎండల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి బాగా పనిచేస్తుంది. తీరం దగ్గర ఉక్కపోత రోజుల్లో అంతగా పనిచేయదు.

చల్లదనానికి వెల నీటి మట్టంలో కనబడుతుంది. మట్టం దిగిపోయి మోటారు నోరు తేలితే అది పొడిగా తిరిగి కాలిపోతుంది. కొందరు బాత్రూమ్ ట్యాంకులో వాడే బాల్ వాల్వ్ లాంటిదాన్ని తొట్టికి పెట్టి, ఇంటి మీది ట్యాంకు నుంచి గొట్టం కలుపుతారు. అది ఇరుక్కుపోయి మూసుకోకపోతే మిద్దె మీది నీళ్ళన్నీ హాల్లోకి వస్తాయి. అదే గొట్టాన్ని పది లీటర్ల క్యాన్‌కు కలిపితే, ఎంత చెడినా నేల మీదికి వచ్చేది పది లీటర్లే.

చలికాలంలో టెట్రా, డిస్కస్ చేపలు పెంచేవాళ్ళకు హీటరు తప్పదు. చాలా హీటర్లలో వేడికి వంగే జంట లోహపు పట్టీ ఉంటుంది. అది వంగినప్పుడల్లా కరెంటు తెగి, చల్లబడగానే కలుస్తుంది. కలిసిన ప్రతిసారీ చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ళ తరబడి రవ్వలు రేగి ఆ రెండు మొనలూ అతుక్కుపోతే హీటరు ఇక ఆగదు. వంద వాట్ల హీటరు వంద లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి, బయటికి పోయే వేడిని లెక్కలోకి తీసుకోకపోతే, సుమారు 70 నిమిషాలు తీసుకుంటుంది. రెండు వందల వాట్లదైతే 35 నిమిషాలు. చిన్న హీటరు చెడినా గడువు ఎక్కువ ఇస్తుంది. పెద్దది ఒకటి బదులు చిన్నవి రెండు పెడితే ఒకటి అతుక్కుపోయినా తొట్టి ఉడకదు, ఒకటి చచ్చిపోయినా గడ్డకట్టినంత చలి పుట్టదు.

మెయిన్ ఆపేశారా?

ఊరెళ్తూ మెయిన్ స్విచ్ ఆపేయడం చాలా ఇళ్ళలో అలవాటు. గ్యాస్ కట్టేశామా, కుళాయి కట్టేశామా, మెయిన్ ఆపేశామా అని గేటు దగ్గర నిలబడి మూడు ప్రశ్నలు వేసుకుంటారు. మూడో ప్రశ్న తొట్టి ఉన్న ఇంట్లో మార్చుకోవాలి. ఇన్వర్టరును నమ్ముకున్నవాళ్ళు మరొకటి చూసుకోవాలి. చాలా ఇళ్ళలో ఇన్వర్టరు లైను ఫ్యాన్లకూ లైట్లకే వెళ్తుంది. తొట్టి వెనక ఉన్న త్రీ పిన్ సాకెట్ ఆ లైనులో ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ ఒక్క సాకెట్టూ కలిపించుకుంటే చాలు. 12 వోల్టుల, 150 యాంపియర్ అవర్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. ఐదు వాట్ల ఎయిర్ పంపు ఒక్కటే దాని మీద ఉంటే, ఇన్వర్టరు తనకోసం వాడుకునేది పోగా కూడా, ఒక రోజు పైనే నడుస్తుంది. హీటరును మాత్రం దాని మీద పెట్టకూడదు.

నీటి దగ్గరి వైరింగుకు 30 మిల్లీ యాంపియర్ల లీకేజీకే తెగిపోయే ఆర్‌సీసీబీ ఉండటం మనుషుల ప్రాణాలకు అవసరం. అయితే ఇల్లంతటికీ ఒకటే ఉంటే, హీటరు పగిలి కరెంటు లీకైన క్షణంలో ఎయిర్ పంపు కూడా ఆగిపోతుంది. హీటరుకు విడిగా ఒకటి పెట్టించాలి. ఫోనుతో నడిచే స్మార్ట్ ప్లగ్‌లు వాడేవాళ్ళు ఒక పరీక్ష తప్పకుండా చేయాలి. కరెంటు పోయి వచ్చాక ప్లగ్ తనంతట తానే ఆన్ అవుతుందా, ఆఫ్‌లోనే ఉండిపోతుందా? ఆఫ్‌లో ఉండిపోయే రకమైతే నిమిషం కరెంటు కోత కూడా తొట్టిని వారం పాటు ఆపేయగలదు. వైఫై రౌటరు కూడా ఇన్వర్టరు లైనులో లేకపోతే హైదరాబాదులో ఫోను పట్టుకుని కూర్చుని చేయగలిగింది ఏమీ ఉండదు.

తుఫాను రోజుల్లో ఈ లెక్కలు కూడా సరిపోవు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడ్డాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అంతకంటే పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచేసింది. నది ఒడ్డునున్న ఆడుబాన్ అక్వేరియం భవనం గాలివానకు నిలబడింది. జనరేటర్ కూడా నడిచింది. ఆ తర్వాతి రోజుల్లో సిబ్బంది అక్కడి నుంచి వెళ్ళిపోవాల్సి వచ్చింది, జనరేటర్ ఆగిపోయింది. దాదాపు 10,000 చేపలు చచ్చిపోయాయి. బతికినవాటిలో పెంగ్విన్లు, సీ ఆటర్లు, సముద్రపు తాబేలు, ఒక తెల్ల మొసలి ఉన్నాయి. ఇవన్నీ నేరుగా గాలి పీల్చే జీవులే. అక్వేరియం మళ్ళీ తెరుచుకోవడానికి 2006 మే దాకా పట్టింది. గోడలు నిలిచి, నీళ్ళు నిలిచి, కరెంటు ఒక్కటే ఆగినందుకు ఇంత నష్టం.

పక్కింటి పిన్నిగారు

తాళం చెవి పక్కింటివాళ్ళకు ఇచ్చి వెళ్ళడం మన ఊళ్ళలో ఇంకా ఉన్న గొప్ప వసతి. ఏ కెమెరా కంటే మనిషి కన్ను మేలు. చిక్కల్లా మేత దగ్గరే. ప్రేమ ఎక్కువైన చేయి గుప్పెడు మేత వేస్తుంది. తినని మేత అడుగుకు దిగి కుళ్ళుతుంది. ఆ కుళ్ళు ఆక్సిజన్‌ను తింటుంది, అమ్మోనియాను పెంచుతుంది. అంటే ఒక్క గుప్పెడు మేత పైన చెప్పిన మొదటి రెండు గడువులనూ కుదించేస్తుంది.

ఎదిగిన ఆరోగ్యమైన చేప వారం రోజులు తినకపోయినా ఏమీ కాదు. ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికి అది మనలా శక్తి ఖర్చు పెట్టదు. చేపపిల్లల్ని అమ్మే రైతులు రవాణాకు ముందు వాటిని కావాలనే పస్తులుంచుతారు. కడుపు ఖాళీగా ఉన్న పిల్లలు ఆక్సిజన్ నింపిన పాలిథిన్ సంచుల్లో నీటిని పాడుచేయకుండా దూరాభారం ప్రయాణిస్తాయి. కొల్లేటి చెరువుల్లో తవుడును చిల్లులు పొడిచిన సంచుల్లో నింపి వెదురు గడలకు కడతారు. చేప వచ్చి తనకు కావలసినంతే లాక్కుని తింటుంది. నీటిలోకి వృథా పోయేది తగ్గుతుంది.

మూడు నాలుగు రోజుల ప్రయాణానికి మేతే వద్దు. పది రోజులైతే రెండు మూడు చిన్న పొట్లాలు కట్టి, ఒక్కో దాని మీద తేదీ రాసి, మిగతా డబ్బా బీరువాలో పెట్టేయాలి. పక్కింటావిడకు నేర్పాల్సింది మేత వేయడం కంటే నీటిని చూడటం. నీటి పైభాగం కదులుతోందా? చేపలు అడుగున తిరుగుతున్నాయా, పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా? ఊరెళ్ళే ముందు గాజు మీద గీసిన గీత కంటే నీరు కిందికి దిగిందా? పొద్దున్నే ఒకసారి ఈ మూడూ చూసి ఫోటో పంపితే చాలు.

కనుమ నాడు పొద్దున ఫోను మోగిందనుకుందాం.

“అమ్మాయ్, మీ చేపలన్నీ పైకొచ్చి గుటకలేస్తున్నాయే. రాత్రి నుంచీ కరెంటు లేదు.”

“పిన్నీ, కంగారు పడకండి. తొట్టి పక్కన మగ్గు పెట్టాను చూడండి. దాంతో తొట్టిలోని నీళ్ళే ముంచి, జానెడు ఎత్తు నుంచి మళ్ళీ తొట్టిలోకే పొయ్యండి. ఓ పది నిమిషాలు.”

“అంతేనా? కొత్త నీళ్ళు పోయక్కర్లేదా?”

“వద్దు పిన్నీ. ఆ నీళ్ళే. అల్మరాలో బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉంది, గొట్టం తొట్టిలో వేసి స్విచ్ నొక్కండి. మేత మాత్రం ఇవాళ వెయ్యకండి.”

మగ్గుతో ముంచి పోసే ఈ పని కైకలూరు గట్టు మీద ఇంజన్ చేసే పనే. నీరు ధారగా పడుతూ గాలిని తనతో లోపలికి లాక్కుపోతుంది, ఉపరితలం చెదిరి కొత్త నీరు గాలికి తగులుతుంది. ఎయిర్ పంపు బుడగలు చేసే ఉపకారంలో ఎక్కువ భాగం కూడా ఇదే. అవి పైకి లేస్తూ అడుగు నీటిని పైకి తెచ్చి గాలికి చూపిస్తాయి.

తిరిగొచ్చిన రోజు బ్యాగులు దించగానే ముందు వేలు నీటిలో ముంచి వేడి చూడాలి. తర్వాత చేపల్ని లెక్కపెట్టాలి. ఒకటి తక్కువైతే రాళ్ళ వెనక, ఫిల్టరు వెనక వెతకాలి. చచ్చిన చేప లోపలే ఉండిపోతే అమ్మోనియా పెరుగుతూనే ఉంటుంది. క్యానిస్టర్ ఎంతసేపు ఆగి ఉందో తెలియకపోతే దాన్ని నడపకుండా విప్పి, లోపలి నీరు పారబోసి, స్పాంజిని తొట్టి నీటిలో జాడించాకే తిరిగి పెట్టాలి. ఆ తర్వాత నాలుగో వంతు నీరు మార్చాలి. మేత మర్నాటికి. పక్కింటి పిన్నిగారు పంపిన ఫోటోలు తేదీల వారీగా పెట్టి చూస్తే, గాజు మీది గీతకూ నీటి అంచుకూ మధ్య దూరం రోజురోజుకూ ఎంత పెరిగిందో కనబడుతుంది. నాలుగు రోజులకు రెండు వేళ్ళ వెడల్పు దిగితే, వేసవి సెలవులకు పది లీటర్ల క్యాన్ చాలుతుందో ఇరవై లీటర్లది కావాలో ఆ రాత్రే లెక్క వేసుకోవచ్చు.